చిలకమ్మ ఎక్కే బండికి టైర్లు

కూర్మన్నపాలెం, విశాఖపట్నం
7 జూలై 2024

జ్యోతమ్మా,

మీ మావయ్య అర్జునరావు రాస్తున్నాను. కవరు మీద నా చేతిరాత చూసి ఎవరికో ఏదో అయిందని కంగారు పడకు. నేనూ అత్తా బాగానే ఉన్నాం. భీమిలిలో మీ అమ్మ కూడా బాగుంది.

ఫోను చేద్దామంటే నీ మాట నాకు గిన్నెలో గులకరాళ్లు కదిపినట్టు వినిపిస్తుంది. నా చెవులు ఇలా అవడానికి స్టీల్‌ప్లాంటు మిల్లులో చప్పుడు కొంత కారణం, వయసు కొంత. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన బిరడాలు సర్వీసంతా జేబులోనే దాచుకున్న నా తెలివి మిగతాది. వాట్సాప్‌లో రాద్దామంటే ఒక అక్షరం నొక్కితే పక్కది పడుతుంది. మొన్న మీ అమ్మకి 'బాగున్నావా' అని పంపబోతే 'బాగుచేశావా' అని వెళ్లింది. ఆవిడ మిక్సీ సంగతి అనుకుని రెండు రోజులు జవాబులిచ్చింది. అందుకని ఉత్తరమే నయం.

అసలు విషయానికి వస్తాను. రిటైరయ్యాక నేను కొన్న రెండు సిలిండర్ల బండి నీకు తెలుసు కదా. దాని టైర్లు అరిగిపోయాయి. పోయిన ఏడాది శ్రావణంలో సింహాచలం కొండ దిగుతుంటే వానలో వెనక చక్రం జారి నేనూ అత్తా పడ్డాం. అత్త మోచెయ్యి గీసుకుపోవడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటి నుంచి అత్త ఎక్కడికెళ్లినా ఆటోలోనే వస్తుంది. నేను ఆ ఆటో వెనకాల బండి మీద వెళ్తాను, మంత్రిగారి కాన్వాయ్‌లాగ. అది వేరే సంగతిలే.

గాజువాకలో టైర్ల షాపు దాలయ్య నాకు మూడు రకాలు చూపించాడు. మూడూ స్పోర్ట్స్ టూరింగ్ టైర్లేనట, అంటే దూరాలు పోవడానికీ, వంపుల్లో వాల్చడానికీ రెండింటికీ పనికొచ్చేవి. ఒకటి మెత్తగా ఉంటుంది, రోడ్డును బంకలా పట్టుకుంటుందన్నాడు. ఒకటి గట్టిది, చాలా కాలం వస్తుందన్నాడు. మూడోది నడుమ గట్టిగా, అంచుల్లో మెత్తగా ఉంటుందట. ఏది మంచిదయ్యా అంటే, "మూడూ మంచియ్యే బాబూ. మీకేటి కావాలో మీరు సెప్పాల" అన్నాడు. అదే నాకు తెలిస్తే అతని దగ్గరికి ఎందుకు వెళ్తాను?

నువ్వు టైర్ల ఫ్యాక్టరీలో అరుగుదల పరీక్షలు చేసే ఇంజినీరువి. బండిని బాగా వాల్చినా, తడిలో గట్టిగా బ్రేకు పట్టినా వదలని టైరు ఏదో రాయి. తొందర ఉంది.

నీ మావయ్య
అర్జునరావు


ఒరగడం, చెన్నై దగ్గర
14 జూలై 2024

మావయ్యా,

నీ ఉత్తరం చూసి మా హాస్టలు వార్డెను నన్ను పిలిచి మరీ ఇచ్చింది. ఈ మధ్య బ్యాంకువాళ్లు తప్ప ఎవరూ నాకు కవరు పంపలేదు. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ సాంబారుకు అలవాటు పడ్డాను గానీ, అత్త చేసే ఉలవచారు మాత్రం మరుపు రావడం లేదు.

ముందు కొంచెం కోప్పడనీ. బండిని బాగా వాల్చాలని రాశావు. నీకు అరవై ఒకటి. రోజూ ఫోనులో బండి రేసులు చూస్తున్నావని అమ్మ చెప్పింది. మావయ్యా, వాళ్లు తోలు దుస్తులు వేసుకుని పడతారు. నువ్వు లుంగీ కట్టుకుని పాలప్యాకెట్టుకి కూడా ఆ బండి మీదే వెళ్తావట.

ఇక టైర్లు. దాలయ్య చెప్పింది నిజమే, మూడూ మంచివే. మెత్తటి రబ్బరు వేడెక్కాక రోడ్డును బాగా పట్టుకుంటుంది, కానీ మన ఎండలకి త్వరగా అరిగిపోతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొదటి కొన్ని కిలోమీటర్లు అది కూడా జారుతుంది. గట్టిది నెమ్మదిగా అరుగుతుంది, తిన్నటి హైవేకి హాయి. అయితే వానలో దాని మీద నమ్మకం కొంచెం తక్కువ. రెండు రబ్బర్లు కలిపిన మూడోదాంట్లో సిలికా ఎక్కువ వేస్తారు. అది తడి రోడ్డు మీద పట్టుకి. టైరు మీది గాళ్లు కూడా నీళ్లు పక్కలకి బేగి పోయేటట్టు కోస్తారు.

అత్త ఎలాగూ ఎక్కడం లేదు. ఒంటరిగా, నెమ్మదిగా తిరిగే మనిషికి గట్టిదే చాలు. చాలా కాలం మన్నుతుంది. ఏది కొన్నా ముందుదీ వెనకదీ ఒకే జతవి తీసుకో. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పాత సరుకు అంటగట్టకుండా అవి చూసుకో.

వేగం తగ్గించుకో. అత్తని అడిగానని చెప్పు.

నీ
జ్యోతి


కూర్మన్నపాలెం
22 జూలై 2024

జ్యోతిర్మయికి,

ఉత్తరం అందింది. 'చాలా కాలం మన్నుతుంది' అని రాశావు. నాకు ఇంకెంత కాలం కావాలని నీ ఉద్దేశమో తెలియలేదు. లుంగీ సంగతి మీ అమ్మకి ఎవరు చెప్పారో కూడా తెలియలేదు.

మూడో టైరు గురించి అంత బాగా రాసి చివరికి గట్టిది కొనమన్నావు. ఆ గట్టిది మీ కంపెనీదేనేమోనని నాకు అనుమానం వచ్చింది. ఉద్యోగం అన్నాక ఇవన్నీ తప్పవు. నేనేమీ అనుకోను.

నేను ఒంటరిగా తిరుగుతానని ఎవరన్నారు? వెనక సీటు మీద బరువు ఉంటుంది. డెబ్బై అయిదు కేజీలు. ఇప్పటికే ఆదివారం ఆదివారం భీమిలి రోడ్డులోనూ, ఒకసారి యారాడ ఘాట్‌లోనూ ఆ బరువుతో తిరిగి చూశాను. మలుపుల్లో వెనక చక్రం మీద ఎలా భారం పడుతుందో తెలుస్తోంది. హాయిగానే ఉంది. ఇప్పుడు చెప్పు, ఆ బరువుకి ఏ టైరు?

ఈ సంగతి అత్తకి చెప్పకు. సమయం వచ్చినప్పుడు నేనే చెప్తాను.

మావయ్య


ఒరగడం
4 ఆగస్టు 2024

మావయ్యా,

ముందుగా, మా కంపెనీ లారీ టైర్లు మాత్రమే చేస్తుంది. నీ బండికి సరిపోయేది మా దగ్గర లేదు. ఆ అనుమానం వదిలెయ్.

ఇప్పుడు నాకొచ్చిన అనుమానం రాస్తాను. పోయిన ఆదివారం అమ్మ భీమిలిలో బస్సు కోసం నిలబడి ఉంటే నువ్వు బండి మీద వెళ్లావట. పిలిచినా వినిపించుకోలేదట. నీ వెనకాల ఒక ఆడమనిషి, మెరూన్ రంగు రెయిన్‌కోటు, హెల్మెట్ పెట్టుకుని నీ వీపుకి అతుక్కుని కూర్చుందట. కొంచెం దూరం పోయాక నువ్వు బండి ఆపి, దిగి, ఆవిడ కోటు సర్ది, హెల్మెట్ సరిచేసి, భుజం మీద చెయ్యి వేసి తట్టావట. అమ్మ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "మీ అత్తని ఈ ముప్పయ్యేళ్లలో ఒక్కపాలన్నా అలగ సర్దినాడేటే?"

అదే సమయానికి అత్త ఫోను చేసి, మీ మావయ్య ఆదివారాలు ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పడం లేదు అంది. నీ ఉత్తరంలో ఏమో 'హాయిగానే ఉంది', 'అత్తకి చెప్పకు' అని ఉంది.

నేను చిన్నదాన్ని, పెద్దవాళ్ల విషయాల్లో తలదూర్చకూడదు. కానీ చిన్నప్పుడు నేను అత్త చేతుల మీదే పెరిగాను. వెనక కూర్చునేది ఎవరో రాసేదాకా టైర్ల గురించి నేను ఒక్క ముక్క రాయను.

జ్యోతిర్మయి


కూర్మన్నపాలెం
11 ఆగస్టు 2024

జ్యోతమ్మా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఒక్కడినే కూర్చుని నవ్వుకున్నాను. తర్వాత నవ్వు పోయింది, ఎందుకో చివర రాస్తాను.

వెనక కూర్చున్నది బియ్యం. పాతికేసి కేజీల బస్తాలు మూడు, ఒకదాని మీద ఒకటి పేర్చి మిల్లులో క్రేన్ డ్యూటీలో నేర్చుకున్న ముడి వేసి కట్టాను. వాన పడితే తడుస్తాయని అత్త పాత రెయిన్‌కోటు తొడిగాను. కోటు టోపీ గాలికి ఎగిరిపోతోందని పైన హెల్మెట్ పెట్టాను. భీమిలి దగ్గర పై బస్తా ఒక పక్కకి ఒరిగితే దిగి సర్ది, గట్టిగా ఉందో లేదో అని తట్టి చూశాను. మీ అమ్మ చూసింది అదే.

నీకు మాత్రమే చెప్తున్నాను. అత్తని మళ్లీ బండి ఎక్కించాలని నా కోరిక. డిసెంబరులో ఇద్దరం బండి మీద నీ దగ్గరికి రావాలని ఉంది. ఆవిడ టైరు జారిందనే కదా ఎక్కడం మానేసింది. జారని టైరు వేయించి, ఆవిడంత బరువు పెట్టి నేనే అన్ని మలుపులూ తిరిగి చూసి, అప్పుడు 'రా, ఏమీ కాదు' అని అడగాలనుకున్నాను. వట్టి మాట చెప్తే నమ్మదు కదా.

పోయిన శుక్రవారం ఎన్ఏడీ కూడలి దగ్గర కానిస్టేబులు ఆపాడు. అతని పెదాలు చూస్తే నాకు కొంత అర్థమయింది.

"మేడమ్ గారు హెల్మెట్ బెల్టు పెట్టుకోలేదేటండి?"

నేను ఏదో చెప్పబోయేలోపే మర్యాదగా ఆవిడ వైపు వంగి, "పెట్టుకోండమ్మా" అన్నాడు. ఆవిడ పలకలేదు. హెల్మెట్ అద్దం పైకి లేపి లోపలికి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. "ఏ రకం బియ్యమండి ఇవి?" అని మాత్రం అడిగి పంపించేశాడు.

నవ్వు పోయింది ఎందుకంటే, నిన్న యారాడ నుంచి వస్తుంటే జోరున వాన పడింది. కోటు చిరిగి ఉన్నట్టుంది, బస్తాలు తడిశాయి. ఇంటికి తెచ్చి మేడ మీద ఆరబోస్తుంటే అత్త వచ్చింది. ఇక దాచడం కుదరలేదు. అంతా చెప్పాను. కొంచెం కరుగుతుందని అనుకున్నాను. ఆవిడ బస్తాల వైపు చూసి, వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"మూడు బస్తాలేటి? నాను డెబ్బయ్యయిదు కేజీలున్నానేటి నీ కళ్లకి?"

ఉజ్జాయింపుగా వేశానే అన్నాను. తిన్నగా కింద బియ్యం కొట్టుకి పోయి, కాటా ఎక్కి, చీటీ రాయించి తెచ్చి నా చేతిలో పెట్టింది. యాభై ఎనిమిది. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. మాట్లాడినా నాకు పెద్దగా వినపడదు గానీ, మాట్లాడనప్పుడు బాగా తెలుస్తుంది.

ఇప్పుడైనా టైరు పేరు రాయి.

మావయ్య


ఒరగడం
19 ఆగస్టు 2024

మావయ్యా,

క్షమించు. అమ్మకి ఫోను చేసి అది బియ్యమని చెప్పాను. నవ్వీ నవ్వీ, తర్వాత "వానలో తిప్పితే పురుగు పట్టెయ్యవేటి" అని బాధపడింది.

యాభై ఎనిమిది అంటే టైర్లలో గాలి కూడా నువ్వు అనుకున్నంత అక్కర్లేదు. బండి గొలుసు కవరు మీద అంటించిన చీటీలో ఇద్దరెక్కినప్పుడు ఎంతో రాసి ఉంటుంది, అంతే పెట్టు. టైరు మూడోదే కొను. సందేహం లేదు. వానకాలం ఊళ్లో, ఇద్దరు మనుషులకి, ఘాట్ దిగడానికీ హైవే మీద రోజంతా పోవడానికీ అదే సరి. మొదట్లో గట్టిది చెప్పడం నా తప్పు, నువ్వు ఒంటరివని అనుకున్నాను.

కానీ ఇంకో సంగతి రాయాలి. నిన్న అత్తతో గంటసేపు మాట్లాడాను. "అత్తా, ఏ టైరు వేయిస్తే నువ్వు బండి ఎక్కుతావు?" అని అడిగాను. ఆమె చెప్పింది మార్చకుండా రాస్తున్నాను, ఎందుకంటే నా మాటల్లో రాస్తే నీకు సరిగ్గా తెలియదు.

"టైరు కాదే అమ్మా. ఆ దినం రోడ్డు మీద డీజిలు పారున్నాది. వానకి రంగులు రంగులుగా మెరిసిపోతన్నాది. ఎనకాల కూకున్న నాకు అగుపడింది, మీ మావయ్య ముందర బస్సునే సూత్తన్నాడు. 'బావా, ఆపు, నూనె ఉన్నాది ఆపు' అని నాను అరుత్తనే ఉన్నాను. ఈయనకి ఇనబడితేనా. పడిపోడానికి నాకు బయిం లేదు జోతీ. పడిపోతామని తెలిసీ సెప్పలేకపోడం ఉంది సూడు, అది నాను ఓర్సుకోలేను. అంతకన్నా ఆటో నయం. ఆటోవోడికి సెప్తే ఇనబడుద్ది."

మావయ్యా, నువ్వు దాలయ్యని అడిగావు, నన్ను అడిగావు, బస్తాలు కట్టుకుని ఘాట్లు ఎక్కావు. ఈ ఏడాదిలో అత్తని మాత్రం ఎందుకు ఎక్కడం లేదని అడగలేదట. నీ ఉత్తరాలు లేకపోతే నేనూ అడిగేదాన్ని కాదనుకో.

హెల్మెట్‌లో పెట్టుకుని మాట్లాడుకునే మైకులు దొరుకుతాయి. నీ చెవి మిషనుతో అవి పని చేస్తాయో లేదో కనుక్కుంటాను.

నీ
జ్యోతి


కూర్మన్నపాలెం
8 సెప్టెంబర్ 2024

జ్యోతమ్మా,

ఆలస్యంగా రాస్తున్నాను. నీ ఉత్తరం చదివాక రెండు మూడు రోజులు బండి తియ్యలేదు. నేను జారింది టైరనే అనుకున్నాను. ఆవిడ అరిచిందని నాకు ఇప్పటిదాకా తెలియదు. పడ్డాక లేచి నా మీద కోప్పడుతుంటే నొప్పికి అంటోందనుకున్నాను.

మైకుల సంగతి వదిలెయ్. హెల్మెట్ పెట్టుకుంటే నా చెవి మిషను కీచుమంటుంది, తీసి జేబులో వేసుకోవాల్సిందే. బండి మీద నేను పూర్తిగా చెవిటివాడినే.

ఒకరోజు భోజనాల దగ్గర ఆవిడ ఎదురుగా కూర్చున్నప్పుడు అడిగాను. "చిలకా, నాకు ఇనబడేటట్టు ఎలగ సెప్తావు మరి?"

"నువ్వే సెప్పు. మిల్లులో ఇంత సప్పుడులో నీకెవులు సెప్పీవోరు?"

నిజమే. క్రేన్ మీద ఉన్నవాడికి కింది మాట ఎప్పుడూ వినపడదు. కింద ఒక మనిషి నిలబడి చేతులతో సైగ చేస్తాడు. ఎత్తు, దించు, నెమ్మది, ఆపు. ఆ చేతులు చూసే నేను ఎర్రగా కాలిన ఉక్కును మనుషుల మధ్య నుంచి అన్నాళ్లు మోశాను. బండి మీద నా కళ్లు రోడ్డు మీద ఉండాలి కాబట్టి చూసే సైగలు కుదరవు. వీపు మీద చేస్తే కుదురుతుంది.

కుర్చీలో నేను ముందు, స్టూలు మీద ఆవిడ వెనక కూర్చుని సాధన చేశాం. కుడి భుజం మీద ఒక దెబ్బ అంటే నెమ్మది. రెండు భుజాలూ పట్టుకుంటే ఆపు. ఎడమ భుజం తడితే ఎడమ నుంచి ఏదో వస్తోంది. వీపు మీద పైనుంచి కిందికి నిమిరితే అంతా బాగుంది, పో. ఇవి నేను చెప్పినవి. నడుము గిల్లడం ఆవిడ కలిపింది. దానికి అర్థం ఏమిటే అంటే, "తిడతన్నాను అని" అంది. కిటికీలోంచి పక్కింటి గంగాలమ్మ చూసి, మాకేమయిందో అని కాలింగ్ బెల్లు కొట్టింది.

తర్వాత టైర్లకి అత్త కూడా వచ్చింది. దాలయ్య మూడో రకం తెచ్చి చూపించి, రబ్బరు గురించీ గాళ్ల గురించీ చాలా చెప్పాడు. అన్నీ విని, "వానలో బ్రేకు పడితే ఎంత దూరంలో ఆగుద్ది?" అని అడిగింది. అతను తల గోక్కున్నాడు. "పాతవాటి కన్నా బేగి ఆగుద్దమ్మా."

"ఎంత బేగి?"

అతను మళ్లీ గాళ్ల గురించి మొదలెట్టాడు. సరే, తేల్చుకుందాం అంది. పాత టైర్లు తియ్యకుండానే మర్నాడు వాన వెలిశాక ఉక్కునగరంలో ఖాళీగా ఉండే ఒక రోడ్డుకి వెళ్లాం. ఆవిడ రోడ్డు పక్కన గొడుగు పట్టుకుని నిలబడింది. నేను ఒకే వేగంతో వచ్చి, ఆవిడ దగ్గరికి రాగానే బ్రేకు పట్టాలి. ఆగినచోట ఆవిడ ఇటుకముక్క పెట్టింది. మూడుసార్లు అలా చేశాక టైర్లు మార్పించాం. కొత్త రబ్బరు మీద నునుపు పోయేదాకా కొన్నాళ్లు నెమ్మదిగా తిరిగి, మళ్లీ తడి రోజు చూసి అదే చోటుకి వెళ్లాం. ఇటుకముక్క అక్కడే ఉంది. ఈసారి దానికి చాలా ఇవతలే ఆగాను. ఆవిడ రెండు చేతులూ చాపి బారలతో కొలిచింది. మూడు బారల తేడా.

ఆ మూడు బారలనీ చాలాసేపు చూసి, గొడుగు మడిచింది. హెల్మెట్ పెట్టుకుని బండి ఎక్కింది. నేను కదలకుండా కూర్చున్నాను. వీపు మీద చెయ్యి పైనుంచి కిందికి జారాక బండి తీశాను.

కూర్మన్నపాలెం వచ్చేసరికి మూడుసార్లు గిల్లింది.

డిసెంబరులో నీకు సెలవు ఎప్పుడో రాయి.

మావయ్య


ఒరగడం
17 సెప్టెంబర్ 2024

మావయ్యా,

నీ ఉత్తరం మా ల్యాబులో అందరికీ చదివి వినిపించాను, తమిళంలో చెప్తూ. లారీ టైరు బ్రేకు పరీక్షకి మేం వాడే మిషను ఒక గది అంత ఉంటుంది. మా పెద్దాయన అంతా విని, మీ అత్తగారు ఉద్యోగం చేస్తారేమో కనుక్కోమన్నాడు.

డిసెంబరు రెండో వారంలో నాకు సెలవు. ఒక్కరోజులో వచ్చెయ్యాలని చూడకు. మూడు రోజులు పెట్టుకో. సామాను తక్కువ తెచ్చుకో, అత్త ఊరగాయ జాడీలు కడుతుంది, వద్దని చెప్పు. ఒక్క జాడీ అయితే పరవాలేదు. రోజూ పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించు. చీకటి పడ్డాక బండి నడపొద్దు. అమ్మ రైల్లో వస్తానంటోంది, మీకంటే ముందు వచ్చి గడియారం చూస్తూ కూర్చోవడానికి.

నువ్వు గిల్లించుకోకుండా రా.

నీ
జ్యోతి


సూళ్లూరుపేట
13 డిసెంబర్ 2024

జ్యోతమ్మా,

ఈ ఉత్తరం నీకు అందేలోపే మేం నీ దగ్గర ఉంటాం. అయినా రాస్తున్నాను. రేపు మీ అమ్మా, అత్తా, నువ్వూ ఒక్కసారి మాట్లాడుతుంటే నా మాట ఎవరికీ పట్టదు. పైగా ఇది నోటితో చెప్పడం నాకు రాదు.

దారి బాగానే సాగింది. మొదటి రోజు రాజమండ్రిలో, రెండో రోజు ఒంగోలులో ఆగాం. తుని దాటాక ఎదురుగాలి, ఏలూరు దాటాక లారీలు, అంతే. టైర్ల మీద నాకు ధ్యాసే లేదు. అంటే అవి బాగున్నట్టే కదా. అత్త సైగలు రెండో రోజుకి ఇంకా పెరిగాయి. మోచేత్తో పొడిస్తే టీ. హెల్మెట్‌తో హెల్మెట్ కొడితే నిద్ర వస్తోంది, ఆపు. జాడీలు రెండు తెచ్చింది, నేను చెప్పాను, వినలేదు.

ఇవాళ నెల్లూరు దాటగానే వాన మొదలైంది. పెద్ద వాన కాదు, రోడ్డు తడిసి నల్లగా మెరిసేంత. నాయుడుపేట దాటి వస్తున్నాం. ముందు ఏమీ లేదు, ఖాళీ రోడ్డు. ఉన్నట్టుండి నా రెండు భుజాలూ గట్టిగా పట్టుకుంది.

ఆపు.

ఎందుకో చూసుకోలేదు. బ్రేకు పట్టాను. బండి గీత గీసినట్టు తిన్నగా ఆగింది, వెనక చక్రం ఒక్క అంగుళం పక్కకి పోలేదు. రోడ్డు పక్కకి తీసి, నూనె ఉందేమో, గొయ్యి ఉందేమో, పశువు వచ్చిందేమో అని చుట్టూ వెతికాను. ఏమీ లేదు. హెల్మెట్ తీసి, జేబులోంచి మిషను తీసి చెవికి పెట్టుకుని, "ఏటయ్యింది?" అన్నాను.

ఆవిడ ఎడమ వైపు చెయ్యి చూపించింది.

పొలాల అవతల చెరువు. చెరువులో ఉన్న చెట్ల నిండా తెల్లటి పక్షులు. గూడబాతులట, పక్కన గొడుగు కింద వేరుశనగకాయలు అమ్ముతున్న ముసలాయన చెప్పాడు. సంచిలాంటి ముక్కులు వేలాడేసుకుని, కొమ్మలు వంగిపోయేటట్టు కూర్చుని ఉన్నాయి. ఒక గుంపు లేచి వానలోనే మా తల మీదుగా తిరిగి మళ్లీ వచ్చి వాలింది.

"దీనికేటే అంత గట్టిగా పట్టుకున్నావు? నాను అడిలిపోయినాను" అన్నాను.

"మరి సూపించొద్దేటి? దాటిపోతే మళ్లీ వత్తాయేటి?"

వానలో నిలబడి చూశాం. ఆవిడ ఆపకుండా చెప్తోంది, అదిగో ఆ చిన్నది, అదిగో ఆ తల్లి నోట్లో పిల్ల తల పెట్టేస్తోంది. చెప్తూ చెప్తూ, మేం పడకముందు ఒకసారి బండి మీద వెళ్తుంటే అనకాపల్లి దారిలో చెరకుబండి మీద కోతి కూర్చుని ఉంది కదా అంది. నేను చూడలేదన్నాను. శొంఠ్యాం దగ్గర పెళ్లివాళ్లు గుర్రాన్ని ఆటోలో ఎక్కించబోతున్నారు కదా అంది. అదీ నేను చూడలేదు. భీమిలి రోడ్డులో సముద్రం మీద రెండు ఇంద్రధనస్సులు వచ్చిన రోజు, అదీ లేదు. ఇవన్నీ నా వెనక కూర్చునే చూసిందట. చూసినప్పుడల్లా నాకు చెప్పిందట.

"నాకు ఇనబడదని నీకు తెలుసు గదే. తెలిసీ సెప్తానే ఉన్నావేటి?"

"మరి? ఎనకాల ఊరికే కూకుంటానేటి?"

జ్యోతమ్మా, నా చెవులు పోయి పదేళ్లు దాటింది. అన్నాళ్లూ, పాత స్కూటరు రోజుల నుంచీ, ఈ మనిషి నా వీపుతో మాట్లాడుతూనే ఉంది. నేనేమో వెనక సీటు మీద ఎంత బరువు ఉందని లెక్క వేసుకుంటున్నాను.

సూళ్లూరుపేటకి పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. ఆ కాస్త దూరం రావడానికి మాకు రెండు గంటలు పట్టింది. నాలుగుసార్లు ఆపించింది. ఒకసారి కొంగలకి, ఒకసారి తాటిముంజెలు అనుకుని దగ్గరికి పోతే అవి కొబ్బరిబోండాలు, ఒకసారి ఊరి పేరున్న బోర్డు నచ్చిందని. చివరిసారి ఎందుకు ఆపిందో ఇంకా చెప్పలేదు. మరిచిపోయానంటోంది.

ఇప్పుడు లాడ్జిలో తల తుడుచుకుంటూ పక్కనే కూర్చుని, "ఏటి రాత్తన్నావు అంతసేపు?" అని అడుగుతోంది. టైర్లు బాగున్నాయని రాస్తున్నానని చెప్పాను.

రేపు ఎన్ని గంటలకి వస్తామో చెప్పలేను. అన్నం పెట్టుకుని ఎదురుచూడకండి, మీరు తినేయండి. దారిలో ఏమేం ఉన్నాయో నాకు తెలియదు.

నీ మావయ్య
అర్జునరావు